మగకప్ప కాలేయంలో పచ్చసొన
(రేడియో ప్రసంగ పాఠం)



లోకం తెలియని మనిషిని మనం నూతిలో కప్ప అంటాం. ఈ రోజు నేను చెప్పబోయే కప్ప ఆ మాటకు లొంగదు. ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొసన చెరువుల్లో పుట్టి, ఓడలెక్కి సముద్రాలు దాటి, ఐరోపా, అమెరికా ఆస్పత్రుల్లోనూ ప్రయోగశాలల్లోనూ కాపురం పెట్టింది. పరాయి దేశంలో బతకడం ఎలాగో మనకు తెలుసు కాబట్టి దీని కథ కూడా మనకు కొంచెం దగ్గరగానే ఉంటుంది.

కథలోకి వెళ్ళేముందు ఒక ప్రశ్న. గుడ్డులో పచ్చసొన ఎక్కడ తయారవుతుంది? పిల్లల్ని అడిగితే గుడ్డులోనే అంటారు. పెద్దలు కాస్త ఆలోచించి అండాశయంలో అంటారు. రెండూ సరికాదు. కప్పలోనూ, కోడిలోనూ, చేపలోనూ పచ్చసొనకు కావలసిన ముఖ్యమైన ప్రోటీను తయారయ్యేది కాలేయంలో. పెళ్ళిలో వంట ఒకచోట, వడ్డన ఒకచోట అన్నట్టు, కాలేయం వండుతుంది, రక్తం మోసుకుపోతుంది, అండాశయంలో పెరుగుతున్న గుడ్డు దాన్ని అందుకుంటుంది. మరి వంట మొదలుపెట్టమని కాలేయానికి ఎవరు చెబుతారు? ఆ మాట మగకప్పకు చెబితే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నల వెంట పడి శాస్త్రజ్ఞులు ఎక్కడెక్కడికి వెళ్ళారన్నదే ఈనాటి ప్రసంగం.

మన కప్ప శాస్త్రీయ నామం జెనోపస్ లేవిస్. జెనోపస్ అంటే గ్రీకు భాషలో వింత పాదం అని అర్థం. వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళమీద నల్లటి గోళ్ళుంటాయి. నాలుక ఉండదు. జీవితమంతా నీళ్ళలోనే గడుపుతుంది. దక్షిణాఫ్రికాలో దీన్ని ప్లాటన్నా అంటారు. దక్షిణాఫ్రికా అనగానే మనవాళ్ళకు నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన మన పెద్దలు గుర్తుకొస్తారు. ఈ కథ అక్కడికి పడమరగా, కేప్ టౌన్ లో మొదలవుతుంది.

1927లో లాన్సెలాట్ హాగ్బెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కేప్ టౌన్ విశ్వవిద్యాలయానికి జంతుశాస్త్ర ఆచార్యుడుగా వెళ్ళారు. లెక్కల మీద సామాన్యుల కోసం 1936లో 'మేథమేటిక్స్ ఫర్ ది మిలియన్' అనే పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నది ఈయనే. అప్పట్లో ఆయన ధ్యాసంతా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ అనే చిన్న గ్రంథి మీద. కప్ప చర్మం రంగు మారడంలో ఆ గ్రంథి పాత్ర ఏమిటో తేల్చాలని ప్లాటన్నాను పట్టుకున్నారు. గ్రంథిని తీసేసిన ఆడకప్పల్లో అండాశయం కుంచించుకుపోవడం కనబడింది. ఎద్దు పిట్యూటరీ నుంచి తీసిన సారాన్ని ఎక్కిస్తే ఆడకప్ప గుడ్లు పెట్టింది. ఈ సంగతి 1930లో ప్రకటించారు. అదే ఏడు, అక్కడి జాతివివక్ష భరించలేక, లండన్ లో ఉద్యోగం ఒప్పుకుని వెళ్ళిపోయారు. కప్పలు కూడా ఇంగ్లండ్ చేరాయి.

ఆ రోజుల్లో గర్భ నిర్ధారణ చిన్న విషయం కాదు. 1920ల చివర బెర్లిన్ లో అష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు వైద్యులు గర్భవతి మూత్రంలో ఒక హార్మోను ఉంటుందని గమనించి, ఆ మూత్రాన్ని ఆడ ఎలుక పిల్లలకు ఎక్కించి పరీక్షించే పద్ధతి కనిపెట్టారు. నాలుగైదు రోజులు ఆగి ఎలుకల్ని చంపి, కోసి, అండాశయాల్ని చూడాలి. తరవాత కుందేళ్ళతో మరో పద్ధతి వచ్చింది గాని అక్కడా కోత తప్పలేదు. కేప్ టౌన్ లో షపీరో, జ్వారెన్‌స్టీన్ అనే ఇద్దరు, లండన్ లో బెల్లర్బీ అనే ఆయన, ఎలుకకు బదులు ఈ కప్పను వాడవచ్చని 1934 నాటికి చూపించారు. సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చి కప్పను గాజు జాడీలో వదిలితే, స్త్రీ గర్భవతి అయిన పక్షంలో తెల్లవారేసరికి జాడీ అడుగున నల్లటి గుడ్లు కనిపిస్తాయి. కప్పను చంపనక్కరలేదు. కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే అదే కప్ప మళ్ళీ పనికొస్తుంది. ఈ పరీక్షకు ఆద్యుడు ఎవరన్న విషయంలో హాగ్బెన్ కూ కేప్ టౌన్ వాళ్ళకూ తరవాత చాలాకాలం వాదన నడిచింది. ఎవరిదైనా, 1960లలో రసాయన పరీక్షలు వచ్చేదాకా అనేక దేశాల్లో ఎందరో తల్లులకు మొదటి కబురు ఈ కప్పే చెప్పింది.

ఇలా కప్పలు ఆస్పత్రుల్లో ఉండబట్టే ప్రయోగశాలల్లోకి వచ్చాయి. మామూలు కప్ప ఏడాదిలో ఒక్క ఋతువులో గుడ్లు పెడుతుంది. ఈ కప్పకు హార్మోను ఇస్తే ఏ నెలలోనైనా పెడుతుంది. అంతకంటే శాస్త్రజ్ఞుడికి ఏం కావాలి? ఆక్స్ ఫర్డ్ లో జాన్ గర్డన్ ఇదే కప్ప కణాలతో చేసిన ప్రయోగాలకు 2012లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే గర్భ పరీక్ష చెప్పింది సగం కథే. హార్మోను ఇవ్వగానే రాత్రికి రాత్రి గుడ్లు పడ్డాయంటే, అవి అప్పటికే తయారై ఉన్నాయన్నమాట. నెలల తరబడి వాటిని మేపింది ఎవరు? ఈ కప్ప గుడ్డు ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. అందులోని ప్రోటీనులో దాదాపు 80 శాతం పచ్చసొనదే. తల్లి పాలు లేని ఆ జీవికి, నోరు తెరుచుకుని మేత మొదలుపెట్టేదాకా తిండి అదే.

కోళ్ళలో గుడ్లు పెట్టే కాలంలో రక్తంలోకి ఫాస్ఫరసు ఉన్న ఒక ప్రోటీను వస్తుందని 1930లలోనే తెలుసు. కప్పలో దీన్ని పట్టుదలగా పరిశీలించినవారు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసిన రాబిన్ వాలస్. 1968లో ఆయనా, సహచరులూ ఒక విచిత్రమైన పని చేశారు. మగకప్పలకు స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ ఎక్కించారు. మగకప్పకు అండాశయం లేదు, గుడ్డు లేదు, పచ్చసొనతో దానికి పనే లేదు. అయినా కొద్దిరోజుల్లో దాని రక్తం పచ్చసొన ప్రోటీనుతో నిండిపోయింది. వండిన వంట తినే దిక్కులేక రక్తంలోనే పేరుకుపోయింది.

మరుసటి ఏడు, 1969లో, పట్టుపురుగు జాతి కీటకాల మీద పనిచేస్తున్న మరో బృందం, ఇలా రక్తంలో తిరిగి గుడ్డులో చేరే ప్రోటీనుకు వైటెలోజెనిన్ అని పేరు పెట్టింది. లాటిన్ లో పచ్చసొనను వైటెల్లస్ అంటారు. అదే పేరు కప్పకూ, కోడికీ, చేపకూ స్థిరపడింది.

ఇప్పుడు మొత్తం గొలుసు ఇలా కుదిరింది. మెదడు అడుగున పిట్యూటరీ ఒక హార్మోను వదులుతుంది. అది అండాశయంలో గుడ్ల చుట్టూ ఉండే కణాలను తాకుతుంది. ఆ కణాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. ఈస్ట్రోజెన్ రక్తంలో కాలేయానికి చేరుతుంది. కాలేయం వైటెలోజెనిన్ తయారుచేసి మళ్ళీ రక్తంలోకి పంపుతుంది. పెరిగే గుడ్డు తన పైపొర మీద ఉన్న గ్రాహకాలతో దాన్ని పట్టి లోపలికి లాక్కుని, ముక్కలుగా కోసి, పచ్చసొన పలకలుగా పేర్చుకుంటుంది. ఈ గొలుసులో మగకప్పకు లేనిది అండాశయం ఒక్కటే. కాలేయంలో వంట విధానం మాత్రం ఆడకప్పలో ఉన్నట్టే ఉంది. లేనిది వండమనే ఆజ్ఞ.

ఇక్కడ మన దేశపు మనిషి ఒకరు వస్తారు. జంషెడ్ టాటా. 1930లో బొంబాయిలో పుట్టి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ లో చదివి, పారిస్ లో డాక్టరేటు తీసుకుని, 1960ల మొదట్లో ఉత్తర లండన్ మిల్ హిల్ లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. 1973లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. ఆ సంస్థ 2015లో క్రిక్ ఇన్‌స్టిట్యూట్ లో కలిసిపోయింది. తోకకప్ప తోక రాలిపోవడమంటే కేవలం కుళ్ళిపోవడం కాదనీ, థైరాయిడ్ హార్మోను ఆజ్ఞతో కొత్త ప్రోటీనులు తయారైతేనే తోక కరుగుతుందనీ 1966లో చూపించినది ఆయనే. హార్మోను జన్యువులతో మాట్లాడుతుందా, మాట్లాడితే ఎలా, అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. దానికి మగకప్ప కాలేయాన్ని మించిన సాధనం ఆయనకు కనబడలేదు. కారణం చాలా తేలిక. ఆడకప్పలో అప్పటికే వంట సాగుతూ ఉంటుంది. మగకప్పలో పొయ్యి పూర్తిగా చల్లగా ఉంటుంది. కాబట్టి నిప్పు ఎప్పుడు అంటుకుందో స్పష్టంగా తెలుస్తుంది.

1975లో వాంగ్, నోలండ్ అనే ఇద్దరు, 1976లో గ్రీన్, టాటా, కప్ప కాలేయపు ముక్కలను శరీరం నుంచి తీసి గాజుపళ్ళెంలో పెట్టి, నేరుగా ఈస్ట్రోజెన్ కలిపి చూశారు. మగకప్ప కాలేయం పళ్ళెంలోనే వైటెలోజెనిన్ తయారుచేసింది. అంటే హార్మోనుకూ కాలేయానికీ మధ్య దళారీ అవయవమేదీ లేదు.

మరో సంగతి కూడా బయటపడింది. మొదటిసారి హార్మోను ఇచ్చినప్పుడు మగకప్ప కాలేయం తడబడుతూ నెమ్మదిగా మొదలుపెడుతుంది. హార్మోను ఆపేస్తే పని ఆగిపోతుంది. కొన్ని వారాల తరవాత రెండోసారి ఇస్తే ఈసారి త్వరగా అందుకుని ఎక్కువగా చేస్తుంది. ఒకసారి నేర్చిన పాట మరిచిపోనట్టు, కాలేయానికి జ్ఞాపకం ఉండిపోతుంది. దీనికి ఒక కారణం తరవాత తెలిసింది. మొదటిసారి వచ్చిన ఈస్ట్రోజెన్, కాలేయ కణాల్లో తనను పట్టుకునే గ్రాహకాల సంఖ్యను కూడా పెంచిపోతుంది. అందువల్ల రెండోసారి స్వాగతం చెప్పేవాళ్ళు ఎక్కువమంది.

ఆ ఆజ్ఞకున్న బలం ఎంతో చెప్పాలంటే అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ షపీరో బృందం చేసిన లెక్కలు చూడాలి. కేప్ టౌన్ షపీరో వేరు, ఈయన వేరు. జన్యువులో రాసి ఉన్న విధానాన్ని కణం ఒక చీటీ మీద నకలు తీసుకుంటుంది. దాన్నే మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అంటారు. హార్మోను లేని మగకప్ప కాలేయంలో ఈ వైటెలోజెనిన్ చీటీ కణానికి ఒకటి కూడా ఉండదు. హార్మోను ఇచ్చిన కొద్దిరోజులకు, కాలేయంలోని మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. మొత్తంలో సుమారు సగం ఇదే అవుతుంది. 1983లో బ్రాక్, షపీరో మరొకటి చూపించారు. హార్మోను లేనప్పుడు ఈ చీటీల్లో సగం 16 గంటల్లో చిరిగిపోతాయి. హార్మోను ఉంటే సగం చిరగడానికి 500 గంటలు, అంటే సుమారు మూడు వారాలు పడుతుంది. అంటే హార్మోను చీటీ రాయించడమే కాక, రాసిన చీటీ చిరగకుండా కాపలా కూడా కాస్తుందన్నమాట.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. వేలకొద్దీ జన్యువుల్లో ఈ జన్యువునే లేపాలని హార్మోనుకు ఎలా తెలుస్తుంది? 1979లో వాల్టర్ వాలీ, ఇగోర్ డావిడ్, వాళ్ళ స్విట్జర్లండ్ సహచరులు కప్పలో వైటెలోజెనిన్ జన్యువులు నాలుగున్నాయని తేల్చారు. 1986లో జర్మనీలోని కార్ల్స్‌రూలో ఒక బృందం వాటిలో ఒక జన్యువు గుమ్మం ముందు భాగాన్ని కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, ఏ ముక్క పోతే హార్మోను మాట వినబడదో వెదికింది. చివరికి దొరికింది పదమూడు అక్షరాల చిన్న మాట. జి, జి, టి, సి, ఏ. మధ్యలో మూడక్షరాలు. తరవాత టి, జి, ఏ, సి, సి. మనకు వికటకవి అన్న మాట తెలుసు. ఎటునుంచి చదివినా ఒకటే. ఇదీ ఆ బాపతే. డి.ఎన్.ఏ.కి రెండు పోగులుంటాయి కదా, ఒక పోగును ఇటునుంచీ, ఎదుటి పోగును అటునుంచీ చదివితే, మధ్య మూడక్షరాలు మినహాయించి, ఒకటే మాట వస్తుంది. ఈస్ట్రోజెన్ ను పట్టుకున్న గ్రాహకాలు రెండు జంటగా వచ్చి, చెరో సగాన్ని పట్టుకుని ఈ మాట మీద కూర్చుంటాయి. జన్యువు లేస్తుంది.

ఆ బృందం ఈ కప్ప ముక్కను మనిషి రొమ్ము క్యాన్సర్ కణాల్లో పెట్టి పరీక్షించింది. ఆ కణాల్లోని మనిషి గ్రాహకం, కప్ప జన్యువు ముందున్న ఆ మాటను గుర్తుపట్టింది. కప్పకూ మనిషికీ మధ్య ముప్ఫై కోట్ల ఏళ్ళకు పైబడిన ఎడం ఉంది. అయినా హార్మోను మాట్లాడే భాష మారలేదు. రొమ్ము క్యాన్సర్ కు వాడే టామాక్సిఫెన్ అనే మందు పేరు మన కుటుంబాల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఆ మందు కప్పల వల్ల పుట్టింది కాదు, అంతకు ముందునుంచే ఉంది. కాని అది కూర్చునేది ఇదే గ్రాహకం మీద. అసలు హార్మోనుకు చోటు లేకుండా చేసి ఆజ్ఞను ఆపుతుంది.

ఇక్కడిదాకా ఇది ప్రయోగశాల కథ. దీని తరవాతి భాగం మనం నీళ్ళు తాగే నదుల్లో జరిగింది.

లండన్ కు ఉత్తరాన లీ అనే నది ఉంది. 1970ల చివర, ఆ నది దగ్గర శుద్ధిచేసిన మురుగునీరు చేరే మడుగుల్లో, రోచ్ అనే చేపలు కొన్ని ఆడా మగా కలిసిన లక్షణాలతో కనిపించాయి. అప్పుడు శాస్త్రజ్ఞులకు వైటెలోజెనిన్ గుర్తుకొచ్చింది. మగకప్పలో లాగే మగచేపలోనూ కాలేయం ఆ విధానాన్ని దాచుకుని ఉంటుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకపోతే వండదు. కాబట్టి మగచేప రక్తంలో వైటెలోజెనిన్ కనబడిందంటే, నీళ్ళలో ఈస్ట్రోజెన్ గాని, దానిలా నటించే పదార్థం గాని ఉందని అర్థం. ఇంతకంటే నిజం చెప్పే సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

1980లలో ఇంగ్లండ్ లో మురుగు శుద్ధి కేంద్రాల నీళ్ళు బయటికొచ్చే చోట బోనుల్లో ట్రౌట్ చేపలను ఉంచి చూశారు. కొద్ది వారాల్లో వాటి రక్తంలో వైటెలోజెనిన్ 500 రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా పెరిగింది. ఈ ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి. లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సంప్టర్ అందులో ముఖ్యులు. 1995లో డి.డి.టి. కూడా మగ జెనోపస్ చేత వైటెలోజెనిన్ చేయించగలదని మరో పరిశోధన చూపించింది. పురుగుల కోసం చల్లిన మందు కాలేయానికి హార్మోను గొంతుతో మాట్లాడిందన్నమాట.

ఇంగ్లండ్ నీళ్ళలో దోషి ఎవరని వెదికితే 1998లో జవాబు దొరికింది. ముఖ్యంగా ఆడవాళ్ళ శరీరం సహజంగా బయటికి పంపే ఈస్ట్రోజెన్లు, వాటితో పాటు గర్భనిరోధక మాత్రల్లోని ఈథినైల్ ఈస్ట్రడయాల్. శరీరం వీటికి ఒక మూత తగిలించి పనిచేయకుండా చేసి మూత్రంలో పంపుతుంది. మురుగునీటిలోని సూక్ష్మజీవులు ఆ మూతను ఊడదీస్తాయి. హార్మోను మళ్ళీ మేలుకుంటుంది. కొన్ని నదుల్లో ఫ్యాక్టరీల రసాయనాలు కూడా తోడయ్యాయి. కాబట్టి ఇది మాత్రలు వేసుకునే స్త్రీల తప్పు అనుకుంటే పొరబాటు. నగరాలన్నీ నదుల్లోకే వదులుతూ, ఆ నీటిని శుద్ధిచేసే చోట హార్మోన్ల సంగతి ఎవరూ ఆలోచించకపోవడం అసలు సమస్య.

ఆ మోతాదు ఎంతనుకుంటున్నారు? కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనల కోసమే కేటాయించిన ఒక సరస్సులో 2001 నుంచి 2003 దాకా వేసవుల్లో ఈథినైల్ ఈస్ట్రడయాల్ కలిపారు. లీటరు నీటికి 5, 6 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము. మగచేపలు వైటెలోజెనిన్ తయారుచేశాయి. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులో దాదాపు అంతరించిపోయే స్థితికొచ్చింది. సంతోషించవలసిన విషయం ఏమిటంటే, హార్మోను ఆపిన కొన్నేళ్ళకు ఆ చేపలు మళ్ళీ పుంజుకున్నాయి. ఆపితే బాగుపడుతుందని కూడా ఆ సరస్సే చెప్పింది.

మరి మన శరీరంలో ఈ పచ్చసొన జన్యువు ఏమైంది? 1979లో కప్ప జన్యువులను లెక్కించిన వాల్టర్ వాలీయే దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత, 2008లో, సహచరులతో కలిసి దీనికి జవాబు వెదికారు. గుడ్లు పెట్టి పాలిచ్చే ప్లాటిపస్ లో ఒక వైటెలోజెనిన్ జన్యువు ఇంకా పనిచేస్తోంది. మనిషిలో మాత్రం విరిగిపోయిన ముక్కలే మిగిలాయి. పాలూ, మావీ వచ్చాక పచ్చసొన అవసరం తీరిపోయింది. అయితే బంధుత్వం పూర్తిగా తెగలేదు. మీ రక్తపరీక్ష కాగితంలో ఎల్.డి.ఎల్. కొలెస్ట్రాల్ అని ఉంటుంది చూడండి, ఆ కొవ్వును మోసే ఏపోబి అనే ప్రోటీను వైటెలోజెనిన్ కు చుట్టమే. కాలేయం నుంచి కొవ్వును మూటగట్టి రక్తంలో పంపడం రెండింటి వృత్తీ.

ఈ చరిత్రలో నాకు గట్టిగా అనిపించే విషయం ఒకటుంది. వాలస్ మగకప్పకు ఇంజెక్షన్ ఇచ్చిన రోజున, దాని వల్ల ఏం లాభమని ఎవరైనా అడిగి ఉంటే సరైన జవాబు ఉండేది కాదు. పాతికేళ్ళ తరవాత నదులకు జబ్బు చేసినప్పుడు ఆ జబ్బును పట్టి ఇచ్చింది ఆ పనికిరాని ప్రశ్నే. వంట విధానం అందరి ఇళ్ళలోనూ ఉంది, ఆజ్ఞ ఎవరిచ్చినా కాలేయం పాటిస్తుంది, అసలు యజమాని గొంతుకూ నకిలీ గొంతుకూ దానికి తేడా తెలియదు. ఆ తేడా తెలుసుకుని జాగ్రత్తపడవలసింది మనమే.

కనుక వాడకుండా మిగిలిపోయిన మందులు ఇంట్లో ఉంటే సింకులోనో, టాయిలెట్ లోనో పారబోయకండి. చాలా దేశాల్లో మందుల షాపుల వాళ్ళే వెనక్కు తీసుకుంటారు, అడిగి ఇచ్చేయండి. నదిలో చేరే హార్మోన్లలో ఇది కొంచెమే అని నాకూ తెలుసు. అసలు భారం మురుగు శుద్ధి కేంద్రాలది. వాటికి ఖర్చు పెట్టమని మన ఊరి కౌన్సిల్ ను అడగడం కూడా మన పనే. నానోగ్రాముల లెక్కలో కొంచెం అన్న మాటకు ఎంత విలువుందో ఇందాకే విన్నాం కదా.

మరోసారి కలుద్దాం. సెలవు.